వస్తాదు వెంట నడిచే కుర్రాళ్లు



టోక్యో ఒలింపిక్స్‌లో మన దీపక్ పునియా పతకం దాకా వచ్చి ఎలా ఆగిపోయాడో కుస్తీ అభిమానులు మరిచిపోయి ఉండరు. 2021 ఆగస్టు 4న 86 కిలోల సెమీఫైనల్లో అతన్ని 10-0తో ఓడించినవాడు డేవిడ్ టేలర్. మర్నాడు కాంస్యం కోసం జరిగిన కుస్తీలో చివరి సెకన్లలో పాయింట్లు గుంజుకుని పతకం పట్టుకుపోయినవాడు మైల్స్ అమీన్. అమీన్ దిగింది సాన్ మారినో అనే చిన్న దేశం తరఫున. అయినా ఆ ఇద్దరూ తయారైంది అమెరికా కాలేజీల కుస్తీ గదుల్లోనే. టేలర్ పెన్ స్టేట్‌లో చదివాడు, అమీన్ మిషిగన్‌లో.

మన దగ్గర కుస్తీ అంటే హర్యానా అఖాడాలు, సైన్యం, రైల్వే ఉద్యోగాలు. అమెరికాలో ఆ పని అంతా విశ్వవిద్యాలయాలే చేస్తాయి. అయిదారేళ్ల వయసులో మ్యాట్ ఎక్కిన పిల్లవాడు హైస్కూల్లో రాష్ట్ర చాంపియన్ కావాలని, ఆ తర్వాత ఏదో ఒక పెద్ద కాలేజీ జట్టులో చేరాలని కలలు కంటాడు. అందుకే ఏ కుర్రాడు ఏ కాలేజీని ఎంచుకున్నాడు, ఏ కాలేజీ ఏ కోచ్‌ను తెచ్చుకుంది, వచ్చే మార్చి జాతీయ పోటీల్లో ఏ జట్టు గెలుస్తుంది అన్నవి అక్కడి కుస్తీ ఊళ్లలో ఏడాది పొడవునా మాట్లాడుకునే సంగతులు. ఈ మూడూ ముడిపడి ఉన్నాయి. ఆ ముడి ఎక్కడుందో డేవిడ్ టేలర్ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. అందుకే ఈరోజు అతని కథ పట్టుకుని మాట్లాడతాను.

ముందు ఆట గురించి కొంచెం. కాలేజీ కుస్తీ ఒలింపిక్ ఫ్రీస్టయిల్ కాదు, దాన్ని ఫోక్‌స్టయిల్ అంటారు. పడగొట్టడంతో పని అయిపోదు. పడ్డవాణ్ణి లేవనీయకుండా అదిమి ఉంచాలి. కిందివాడేమో ఎలాగైనా విడిపించుకోవాలి. ఎదుటివాడికన్నా నిమిషం ఎక్కువసేపు పైన ఉన్నవాడికి అదనంగా ఒక పాయింటు. పడగొడితే గతంలో రెండు పాయింట్లు వచ్చేవి, 2023-24 సీజన్ నుంచి మూడు చేశారు. బరువు విభాగాలు పది. 125 పౌండ్ల సన్నటి కుర్రాడి నుంచి 285 పౌండ్ల భారీకాయుడి దాకా పది మంది కలిస్తే ఒక జట్టు.

మార్చిలో జరిగే జాతీయ పోటీల్లో ఒక్కో విభాగంలో 33 మంది, మొత్తం 330 మంది మూడు రోజులపాటు తలపడతారు. మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవాళ్లను ఆల్-అమెరికన్ అంటారు. ఆ గౌరవం బతికినంత కాలం పేరు పక్కన నిలుస్తుంది. విజేత స్థానానికి జట్టు ఖాతాలో 16 పాయింట్లు పడితే, ఎనిమిదో స్థానానికి మూడు పడతాయి. చిత్తు చేసి గెలిస్తే అదనం. 2001లో మిన్నెసోటా జట్టు నుంచి ఒక్కడు కూడా ఫైనల్‌కు చేరలేదు. కానీ పది మందికి పది మందీ ఆల్-అమెరికన్లయ్యారు, జట్టు టైటిల్ మిన్నెసోటాదే. ఒక్క వీరుడిని తెచ్చుకుని సంబరపడే కాలేజీకి, అన్ని బరువుల్లోనూ గట్టి మనిషిని నిలిపే కాలేజీకి ఉన్న తేడా అక్కడ తేలింది. కుర్రాళ్లను ఎంచుకునే కోచ్ చూడాల్సింది ఈ పదిమందినీ.

ఎంపికకు డబ్బు లెక్క కూడా ఉంది. 2025 దాకా పెద్ద కాలేజీలకు కుస్తీలో ఉన్న స్కాలర్‌షిప్‌లు 9.9. విభాగాలు పది, స్కాలర్‌షిప్‌లు పది కూడా నిండేవి కావు. గదిలో చూస్తే ముప్పై మందికి పైగా ఉండేవారు. ఆ 9.9ని కోచ్ ముక్కలు చేసి పంచాల్సి వచ్చేది. ఈ కుర్రాడికి ముప్పాతిక, ఆ కుర్రాడికి పావు, ఇంకొకడికి పుస్తకాల ఖర్చు, మిగిలిన చాలామందికి ఏమీ లేదు. సొంత డబ్బుతో చదువుకుంటూ జట్టులో చేరే కుర్రాడిని వాకాన్ అంటారు. తెల్లవారుజామున పరుగు, రోజూ సాధన, బరువు తగ్గించుకునే కడుపు మాడుడు, అన్నీ వాకాన్‌కూ సమానమే. ఫీజు మాత్రం ఇంట్లోవాళ్లు కట్టాలి. అమెరికా చదువుల ఫీజు ఎంతుంటుందో మన తెలుగు తల్లిదండ్రులకు విడిగా చెప్పనక్కర్లేదు.

ఇక ఎంపిక ఎలా జరుగుతుంది? జులైలో నార్త్ డకోటాలోని ఫార్గోలో, ఫార్గోడోమ్ అనే పెద్ద స్టేడియంలో దేశం నలుమూలల నుంచి వచ్చిన హైస్కూలు పిల్లలు కుస్తీ పడతారు. అక్టోబరులో నార్త్ కరోలినాలో సూపర్ 32 పోటీ. అక్కడ మ్యాట్ల అంచున కాలేజీ కోచ్‌లు నిలబడి చూస్తుంటారు. గెలిచినవాడిని ఎవరైనా చూస్తారు, అందులో నేర్పేమీ లేదు. అనుభవం ఉన్న కోచ్ చూసేది ఓడినవాణ్ణి. ఓడిన గంటకు మళ్లీ మ్యాట్ ఎక్కాల్సి వచ్చినప్పుడు ఆ పిల్లవాడు ఎలా ఎక్కాడు, మూడో రౌండులో ఊపిరి అందక కాళ్లు తేలిపోతున్నప్పుడు పట్టు వదిలాడా, బిగించాడా, కోచ్ ఏదో చెబితే విన్నాడా, తల తిప్పుకున్నాడా. ఇవి గమనించే కోచ్‌కు ర్యాంకింగుల పట్టికతో పెద్దగా పని ఉండదు.

హైస్కూల్లో పదో తరగతి అయిన వేసవిలో, జూన్ 15 నుంచి కాలేజీ కోచ్‌లు పిల్లవాడితో నేరుగా మాట్లాడవచ్చు. మంచి పేరున్న కుర్రాడైతే ఆ రోజంతా ఫోన్ మోగుతూనే ఉంటుంది. తర్వాత వారాంతపు సందర్శన. కుర్రాడు తల్లిదండ్రులతో కాలేజీకి వస్తాడు, కుస్తీ గది చూపిస్తారు. గోడ మీద పాత చాంపియన్ల పేర్లు వరుసగా ఉంటాయి. కుర్రాడి కళ్లు ఆ పేర్ల మీద తిరుగుతుంటే, తల్లి మాత్రం చదువు సంగతి, దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారనే సంగతి అడుగుతుంది. ఆ ప్రశ్నలకు ఇంటి మనిషిలా జవాబు చెప్పగలిగిన కోచ్‌కే కుర్రాడు దక్కుతాడు. ఎంత పెద్ద స్టేడియం ఉన్నా, ఎన్ని పాత కప్పులున్నా, చివరికి ఆ కుటుంబం తమ బిడ్డను అప్పగించేది ఒక మనిషికి.

2006లో జరిగిన సంగతి చూడండి. 1996 అట్లాంటా ఒలింపిక్ విజేత టామ్ బ్రాండ్స్ వర్జీనియా టెక్‌లో కోచ్‌గా ఉండేవాడు. డాన్ గేబుల్ ఏలిన అయోవాకు కోచ్ అవసరమై బ్రాండ్స్‌ను పిలిచింది. గేబుల్ అంటే సామాన్యుడు కాదు, 1997 దాకా అయోవాకు 15 జాతీయ టైటిళ్లు తెచ్చిన గురువు. బ్రాండ్స్ వెళ్లిపోతుంటే, అతన్ని నమ్మి వర్జీనియా టెక్‌లో చేరిన కుర్రాళ్లలో కొందరు మేమూ వస్తామన్నారు. వర్జీనియా టెక్ అనుమతి ఇవ్వలేదు. అయినా వెళ్లారు. అందుకు మూల్యంగా పోటీలకు దూరంగా కూర్చున్నారు. పందొమ్మిది, ఇరవై ఏళ్ల వయసులో అది చిన్న త్యాగం కాదు. వాళ్లలో బ్రెంట్ మెట్‌కాఫ్ అనే కుర్రాడు 2008లో 149 పౌండ్ల విభాగంలో జాతీయ చాంపియన్ అయ్యాడు. ఆ ఏడాది, ఆ తర్వాత రెండేళ్లు టైటిల్ అయోవాదే.

మూడేళ్లకు అలాంటిదే మరొకటి. కేల్ శాండర్సన్ అయోవా స్టేట్ తరఫున నాలుగేళ్లలో 159 కుస్తీలు పట్టి 159 గెలిచినవాడు. 2004 ఏథెన్స్‌లో ఒలింపిక్ బంగారం. తాను చదివిన కాలేజీకే కోచ్ అయ్యాడు. అలాంటివాడు 2009లో అయోవా స్టేట్ వదిలి పెన్ స్టేట్‌కు వెళ్లాడు. పెన్ స్టేట్ అప్పటికి జాతీయ టైటిల్ గెలిచింది ఒక్కసారే, అదీ 1953లో. అయోవా స్టేట్‌కు మాట ఇచ్చి ఉన్న ఒహాయో కుర్రాడు ఒకడు శాండర్సన్ వెంట పెన్ స్టేట్‌కు మారాడు. ఆ కుర్రాడే డేవిడ్ టేలర్.

మొదటి ఏడాది పోటీలకు దించకుండా సాధనలో ఉంచారు. దీన్ని రెడ్‌షర్ట్ ఏడాది అంటారు. అయిదేళ్లలో నాలుగు సీజన్లు ఆడొచ్చన్న నియమం వల్ల కోచ్‌లకు దక్కిన వెసులుబాటు అది. నా ఉద్దేశంలో కాలేజీ కుస్తీలో అన్నిటికన్నా విలువైన ఏర్పాటు అదే. హైస్కూల్లో అందర్నీ ఓడించిన పిల్లవాడు ఇక్కడ తనకన్నా నాలుగేళ్లు పెద్దవాళ్ల చేతిలో రోజూ నలుగుతాడు. ఓడిపోవడానికి, నేర్చుకోవడానికి ఆ ఒక్క ఏడాది చోటిస్తుంది.

2011లో టేలర్ తొలి సీజన్లోనే ఫైనల్‌కు వచ్చాడు. ఫిలడెల్ఫియాలో, వేలమంది ముందు. ఎదురుగా అరిజోనా స్టేట్ నుంచి బబ్బా జెన్‌కిన్స్. ఈ జెన్‌కిన్స్ అంతకుముందు పెన్ స్టేట్ కుర్రాడే. 2008 ఫైనల్లో మెట్‌కాఫ్ చేతిలో ఓడింది అతనే. శాండర్సన్ వచ్చాక ఆ జట్టు వదిలి వెళ్లాడు. ఆ రోజు టేలర్‌ను చిత్తు చేశాడు, మాట వరసకు కాదు, రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించి. కొత్త కోచ్ వెంట వచ్చిన కుర్రాడు, కొత్త కోచ్ రాగానే వెళ్లిపోయిన కుర్రాడి చేతిలో ఓడిపోయాడు. కోచ్ మారినప్పుడు పాత కుర్రాళ్ల గతి ఏమిటని ఎవరైనా అడిగితే నాకు ఆ ఫైనలే గుర్తొస్తుంది. వదిలి వెళ్లిన ప్రతి కుర్రాడూ తక్కువవాడు కాదు. అయితే జట్టు టైటిల్ మాత్రం ఆ ఏడాది పెన్ స్టేట్‌కే దక్కింది, 58 ఏళ్ల తర్వాత.

టేలర్ 2012లో, 2014లో చాంపియన్ అయ్యాడు. మధ్యలో 2013లో కార్నెల్ వీరుడు కైల్ డేక్ చేతిలో ఒక్క పాయింటు తేడాతో ఓడాడు. కాలేజీలో మొత్తం 134 విజయాలు, మూడే ఓటములు. ఇక శాండర్సన్ పెన్ స్టేట్ సంగతి చెబుతూ పోతే ఈ ప్రసంగం చాలదు. 2011 నుంచి 2025 దాకా 12 జాతీయ టైటిళ్లు. 2025లో అప్పటికి రికార్డయిన 177 పాయింట్లతో, పది మందీ ఆల్-అమెరికన్లుగా గెలిచారు. రెండో స్థానంలో ఉన్న నెబ్రాస్కాకు 117. అంత దూరంలో ఉన్నారు మిగతావాళ్లు.

2024 ఏప్రిల్‌లో రెండు సంఘటనలు కొన్ని రోజుల తేడాతో జరిగాయి. ఓక్లహోమా స్టేట్ కోచ్ జాన్ స్మిత్ పదవీ విరమణ చేస్తున్నట్లు ప్రకటించాడు. 1988, 1992 ఒలింపిక్ బంగారు పతకాలు గెలిచినవాడు, మూడు దశాబ్దాలకు పైగా ఆ జట్టును నడిపి అయిదు టైటిళ్లు ఇచ్చినవాడు. కాలేజీ కుస్తీలో అందరికన్నా ఎక్కువగా 34 టైటిళ్లున్న కాలేజీ అది. కానీ చివరి టైటిల్ 2006 నాటిది. స్మిత్ చివరి సీజన్లో జట్టు మొదటి అయిదు స్థానాల్లో కూడా లేదు. అదే నెలలో ఒలింపిక్ సెలక్షన్ పోటీల్లో టేలర్ తన కాలేజీకే చెందిన ఆరన్ బ్రూక్స్ చేతిలో ఓడిపోయి పారిస్ అవకాశం పోగొట్టుకున్నాడు. మే నెలలో ఓక్లహోమా స్టేట్ టేలర్‌ను ప్రధాన కోచ్‌గా తీసుకుంది. వయసు 33. కాలేజీ జట్టును నడిపిన అనుభవం లేదు. ఆ కాలేజీలో చదివినవాడు కాదు.

ఆ నిర్ణయం చాలామందికి సాహసంగా తోచింది. నాకు సరైనదిగానే అనిపించింది, ఇప్పటికీ అలాగే అనిపిస్తోంది. పాత విద్యార్థినే కోచ్‌గా తీసుకోవాలన్న పట్టుదల పెద్ద కాలేజీలను చాలాకాలంగా పట్టి పీడిస్తోంది. మా ఇంటివాడే మా ఇల్లు నడపాలన్న అభిమానం అర్థం చేసుకోదగ్గదే. కానీ పదేళ్లకు పైగా గెలుస్తున్న శాండర్సన్ గదిలో ఏం జరుగుతోందో లోపలి నుంచి చూసినవాడిని తెచ్చుకోవడం అంతకన్నా తెలివైన పని. టేలర్ తనతోపాటు థామస్ గిల్మన్‌ను, జిమ్మీ కెనెడీని తెచ్చుకున్నాడు. మన రవి దహియా టోక్యోలో వెండి పతకం గెలిచిన 57 కిలోల విభాగంలో కాంస్యం గెలిచినవాడు గిల్మన్. అంటే తేలిక బరువు కుర్రాళ్లతో రోజూ మ్యాట్ మీద తలపడటానికి ఒక ఒలింపిక్ పతక విజేత ఉన్నాడన్నమాట. ఈల ఊదే కోచ్‌లు ఎక్కడైనా దొరుకుతారు. ఒంటి మీద చెమటతో పట్టు పట్టి చూపించే కోచ్ దగ్గరికే కుర్రాళ్లు వెళ్తారు.

కుర్రాళ్లు వచ్చారు కూడా. 2018లో మొదలైన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వల్ల ఇప్పుడు ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారడం తేలికైంది. మెట్‌కాఫ్ కాలపు శిక్షలు లేవు. విస్కాన్సిన్ నుంచి డీన్ హమీటి వచ్చాడు. ఎయిర్ ఫోర్స్ అకాడమీలో చదువు ముగించుకుని వయట్ హెండ్రిక్సన్ వచ్చాడు. 2025 మార్చిలో మళ్లీ ఫిలడెల్ఫియా. హమీటి 174 పౌండ్లలో చాంపియన్. భారీ విభాగం ఫైనల్లో హెండ్రిక్సన్ ఎదుట గేబుల్ స్టీవ్‌సన్, టోక్యో ఒలింపిక్ విజేత, కాలేజీ కుస్తీలో ఏళ్ల తరబడి ఓటమి ఎరగనివాడు. డాన్ గేబుల్ మీద అభిమానంతో తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. గడియారం చివరి అర నిమిషంలోకి వచ్చింది. 4-2తో స్టీవ్‌సన్ ముందున్నాడు. హెండ్రిక్సన్ కాళ్ల మీదకు దూకి పట్టు దొరకబుచ్చుకుని కింద కూలేశాడు. మూడు పాయింట్లు, 5-4.  అంతకు పద్నాలుగేళ్ల ముందు ఇదే నగరంలో చిత్తయిన టేలర్ ఆ రాత్రి మ్యాట్ పక్కన కోచ్ కుర్చీలో ఉన్నాడు. మొదటి ఏడాదే జట్టు మూడో స్థానానికి వచ్చింది.

ఇంతవరకు సంతోషమే. ఇక నాకు దిగులు కలిగించే సంగతి. 2025 జూన్‌లో అమెరికా కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలు క్రీడాకారులకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. అందులో సింహభాగం ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ ఆటగాళ్లకు పోతుంది. ఆ ఒప్పందంలో చేరిన కాలేజీల్లో 9.9 పరిమితి పోయింది, దాని బదులు కుస్తీ జట్టులో 30 మందికి మించి ఉండకూడదన్న నియమం వచ్చింది. అప్పటికే జట్టులో ఉండి చోటు పోగొట్టుకునేవాళ్లకు మినహాయింపు ఇచ్చారు. తర్వాతి తరానికి ఆ మినహాయింపు లేదు.

ముప్పై మంది చాలరా అని అడగవచ్చు. ఆ ముప్పై ఒకటో కుర్రాడే వాకాన్. హైస్కూల్లో అంతంతమాత్రంగా ఉండి, కాలేజీలో మూడో ఏడాదికి కండ పట్టి, అయిదో ఏడాది ఆల్-అమెరికన్ అయ్యే కుర్రాళ్లు ఈ ఆటలో ఎప్పుడూ ఉన్నారు. కుస్తీ బలం ఆలస్యంగా వస్తుంది. పదిహేడేళ్లకు ఓడినవాడు ఇరవై రెండేళ్లకు గెలుస్తాడు. పోర్టల్ నుంచి తయారైన వీరుడిని డబ్బిచ్చి తెచ్చుకునే వీలున్నప్పుడు, ఆ కుర్రాడి కోసం అయిదేళ్లు ఓపిక పట్టే కోచ్ ఎంతమంది మిగులుతారు? ఒప్పందం క్రీడాకారులకు న్యాయం చేసింది, వాళ్ల చెమటకు వెల కట్టింది. అది మంచిదే. కానీ ముప్పై పరిమితి తప్పు. దాన్ని సడలించాలి.

కాలేజీలు ఆటను ఎంత సులువుగా వదిలేసుకుంటాయో కూడా తెలుసు కాబట్టి ఈ భయం. 2020లో స్టాన్‌ఫర్డ్ పదకొండు ఆటలను ఎత్తేస్తున్నట్లు ప్రకటించింది, కుస్తీ అందులో ఒకటి. మరుసటి ఏడాది మార్చిలో షేన్ గ్రిఫిత్ అనే స్టాన్‌ఫర్డ్ కుర్రాడు కాలేజీ పేరు లేని నల్ల దుస్తుల్లో దిగి 165 పౌండ్ల జాతీయ చాంపియన్ అయ్యాడు. పూర్వ విద్యార్థులు పోరాడారు, చందాలు పోగు చేశారు. మే నెలలో విశ్వవిద్యాలయం ఆటలను తిరిగి తెచ్చింది. అందరికీ అలాంటి చాంపియన్ ఉండడు, అంత డబ్బున్న పూర్వ విద్యార్థులూ ఉండరు.

మంచి వార్త అమ్మాయిల వైపు నుంచి వస్తోంది. 2025 జనవరిలో మహిళల కుస్తీని అమెరికా కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ తన 91వ చాంపియన్‌షిప్ క్రీడగా గుర్తించింది. అయోవా అంతకుముందే, 2021లోనే, మహిళల జట్టు ప్రకటించి క్లారిస్సా చున్‌ను కోచ్‌గా పెట్టింది. పెద్ద లీగుల కాలేజీల్లో ఆ పని చేసిన మొదటిది అదే.

జట్ల భవిష్యత్తు గురించి నా అంచనా అడిగితే, శాండర్సన్ గది తలుపులు తెరిచి ఉన్నంతకాలం పెన్ స్టేట్‌ను ఒక్క ఏడాదిలో దించడం ఎవరి తరమూ కాదు. దానికి దగ్గరగా వెళ్లగలిగేది శాండర్సన్ చేతుల్లో తయారైన మనిషి నడిపే జట్టే అనుకుంటున్నాను. పోర్టల్ నుంచి వచ్చినవాళ్లు ఏడాది, రెండేళ్లు ఆడి వెళ్లిపోతారు. టేలర్ తానుగా హైస్కూళ్ల నుంచి ఎంచుకున్న పిల్లలు మూడో ఏడాది, నాలుగో ఏడాది ఎలా ఉన్నారన్నదాన్ని బట్టే అతన్ని తూచాలి.

ఈ ప్రసంగం వింటున్నవారిలో పిల్లలను అమెరికా పంపినవాళ్లు ఉంటారు. మీ అబ్బాయో అమ్మాయో ఓక్లహోమా స్టేట్‌లోనో, అయోవాలోనో, పెన్ స్టేట్‌లోనో చదువుతుంటే, జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఒక సాయంత్రం తమ కాలేజీ కుస్తీ పోటీకి వెళ్లి చూడమని చెప్పండి. పేరున్నవాళ్ల కుస్తీలు కాగానే లేచి రావద్దని, పది విభాగాలూ అయ్యేదాకా కూర్చోమని కూడా చెప్పండి.